దిక్కును బట్టి మారు వెలుగు

ద్వారకా తిరుమల కొండ నెక్కిన యాత్రికులకు అచ్చటివారు చెప్పు విశేషములలో మూలవిరాట్టు దక్షిణాభిముఖముగా నుండుట ఒకటి. పెక్కు ఆలయములలో స్వామి తూర్పునకు చూచుచుండును. ఇచ్చట దక్షిణమునకు చూచుచున్నాడు. ఈ ఆలయమును వర్ణింపదలచినవారు గోపురమునకు ఎన్ని అంతస్తులో, కొండ యెంత ఎత్తో చెప్పి ఊరకున్న చాలదు. ముఖము ఏ దిక్కునకో కూడ చెప్పవలెను. రాళ్లలోను, లవణములలోను, కంటికి కానరాని సూక్ష్మ స్ఫటికములలోను ఇట్లు దిక్కు చెప్పితేనే గాని వర్ణన పూర్తికానివి చాల ఉన్నవి. కాంతి వాని లోపలికి ఏ దిక్కున ప్రవేశించినదో, ఏ దిక్కున కంపించుచున్నదో, దానిని బట్టి వాని ప్రవర్తన మారును. ఈ మార్పును శాస్త్రజ్ఞులు ఎట్లు కొలుతురో, వస్తువు చిన్నదైన కొలది ఆ కొలత ఏల కష్టమగునో ఈ ప్రసంగములో వివరింపదలచితిమి.

దీనికి తగిన ఉపమానము ఈ సీమలోనే కలదు. ఏలూరు తివాచీని నేలపై పరచి ఒక కొస నుండి చూచినచో రంగు ముదురుగా కనబడును. రెండవ కొసకు పోయి చూచినచో అదే రంగు లేతగా కనబడును. ఉన్ని మారలేదు, అద్దకము మారలేదు, గదిలోని వెలుతురు మారలేదు. ముడివేసి కత్తిరించిన ఉన్నిపోగులన్నియు ఒకే వైపునకు వాలియుండుటయే దీనికి కారణము. అరచేతితో నిమిరినను ఈ భేదము తెలియును; ఒక వైపునకు చేయి నున్నగా జారును, ఎదురు నిమిరినచో గరుకు తగులును. దిక్కును బట్టి గుణము మారుటను శాస్త్రపరిభాషలో విషమదైశికత యందురు. అన్ని దిక్కులందును గుణము ఒక్కటిగా నుండుట సమదైశికత.

నీరును, గాజును సమదైశికములు. వానిలో అణువులకు నియతమైన వరుస లేదు. కావున ఏ దిక్కున చూచినను సగటు ఒక్కటే. స్ఫటికములో అట్లు గాదు. వరుస నాట్లు వేసిన వరిచేనువలె దానిలో పరమాణువులు క్రమము తప్పక నిలిచియుండును. నాట్ల వరుస వెంబడి నడచుట వేరు, వరుసలకు అడ్డముగా నడచుట వేరు. ఉప్పుకల్లు వంటి ఘనాకార స్ఫటికములలో మూడు ముఖ్య దిక్కులును సమానములగుటచే, వరుస యున్నను అవి కాంతికి గాజువలెనే తోచును. తక్కిన స్ఫటికములలో దిక్కుల భేదము బయటపడును.

కాంతి ఒక తరంగము. అది తాను పోవు మార్గమునకు అడ్డముగా కంపించును. త్రాటి నొక కొస పట్టి ఊపినప్పుడు అల ముందునకు పోవును గాని త్రాడు పైకిని క్రిందికిని, లేదా ప్రక్కలకును ఊగును గదా! కిటికీ నిలువు ఊచల నడుమ ఆ త్రాటిని పోనిచ్చినచో నిలువు ఊపు దాటిపోవును, అడ్డపు ఊపు ఆగిపోవును. సూర్యకాంతిలో అన్ని ఊపులును కలిసియుండును. ధ్రువణ పటలమను పలుచని పొర వానిలో ఒక్క దిక్కు ఊపును మాత్రమే పోనిచ్చును. ఇట్టి పటలములు రెండింటిని తీసికొని, ఒకదాని దిక్కునకు రెండవదానిని అడ్డముగా నిలిపినచో వెలుగు పూర్తిగా ఆగిపోవును. దిక్కును కొలుచు పరికరములకన్నింటికి మూలము ఈ జంటయే.

1669లో డెన్మార్కు దేశీయుడగు రాస్మస్ బార్తొలిన్, ఐస్లాండు నుండి వచ్చిన స్వచ్ఛమైన కాల్సైటు స్ఫటికమును అక్షరములపై నుంచి, ఒక్కొక్క అక్షరము రెండుగా కనబడుట చూచెను. ఈ కాల్సైటు మన సున్నపురాయిలోని పదార్థమే. దానిలో ప్రవేశించిన కాంతి రెండుగా చీలి, ఒక్కొక్క చీలిక ఒక్కొక్క దిక్కున కంపించును. ఒకదానికి వక్రీభవన గుణకము 1.658, రెండవదానికి 1.486 వరకు తగ్గవచ్చును. గుణకము హెచ్చైన కొలది కాంతివేగము తగ్గును. ఈ రెంటికి గల భేదము 0.172. దీనినే ద్వివక్రీభవనమందురు. గూడూరు ప్రాంతపు గనులలో దొరకు అభ్రకము కూడ ఇట్టిదే. పలుచని అభ్రకపు రేకును అడ్డముగా నిలిపిన రెండు ధ్రువణ పటలముల నడుమ నుంచినచో, ఆగిపోయిన వెలుగు మరల దాటివచ్చును. కొన్ని మందములలో చక్కని రంగులు కూడ కనబడును.

పాఠకులు దీనిని ఇంటిలోనే చూడవచ్చును. నీటిపై తళతళను తగ్గించుటకై అమ్ము ధ్రువణ చలువ కంటద్దములు ధరించి, ద్రవస్ఫటికపు తెరగల కంప్యూటరును వెలిగించి, తలను మెల్లగా ఒక ప్రక్కకు వంచుడు. ఒకానొక కోణమున తెర నల్లబడును. తెర ఉపరితలముననే ఒక ధ్రువణ పటలము కలదు. కంటద్దములు రెండవ పటలమైనవి. అట్లు నల్లబడిన స్థితిలో కంటికిని తెరకును నడుమ పారదర్శకమైన ప్లాస్టిక్ కొలబద్దను పట్టుకొనుడు. నల్లని తెరపై రంగుల చారలు కనబడును. కొలబద్దను పోతపోసినప్పుడు లోపల నిలిచిపోయిన ఒత్తిడి దానికి ఒక దిక్కును కల్పించినది. కంటికి ఏమియు తెలియని వస్తువులోని దిక్కును ఆ రెండు పటలములు బయటపెట్టినవి.

ప్రయోగశాలలో చేయు పద్ధతియు మూలమున ఇంతియే. సూక్ష్మదర్శినిలో క్రింద ఒక పటలము, పైన ఒక పటలము అడ్డముగా నుండును. నడుమ తిరుగు పీటపై స్ఫటికముండును. పీటను ఒక పూర్తి చుట్టు త్రిప్పినచో స్ఫటికము నాలుగుమారులు వెలిగి నాలుగుమారులు ఆరును. ఆరిన కోణములు దాని అక్షముల దిక్కును చెప్పును. వెలిగినప్పటి రంగును, తీవ్రతను బట్టి కాంతి చీలికలలో ఒకటి రెండవదానికంటె ఎంత వెనుకబడినదో తెలియును. ఆ వెనుకబాటును మందముచే భాగించినచో గుణకముల భేదము వచ్చును.

అయితే ఒక స్ఫటికమునకు ఇట్టి సంఖ్యలెన్ని కొలువవలెను? ఈ ప్రశ్నకు సమాధానము స్ఫటికపు సౌష్ఠవములో నున్నది. ఘనాకార స్ఫటికమునకు ఒక్క వక్రీభవన గుణకము చాలును. కాల్సైటు వంటివానికి రెండు, అభ్రకము వంటివానికి మూడు కావలెను. స్ఫటికమును నొక్కి, ఆ నొక్కుడు వలన కాంతిగుణము ఎట్లు మారునో చూచుట మొదలిడినచో లెక్క మరింత చిక్కైనదగును. ఈ చిక్కును విప్పినవారిలో మన సీమవారొకరు ముఖ్యులు. నూజివీడు చెంత శోభనాచలము క్రిందనున్న ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారే వారు. ద్వారకా తిరుమలయు, ఆగిరిపల్లియు 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేర్చబడినవి. భగవంతముగారు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో సి. వి. రామనుగారి చెంత చేరి, 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిరి.

నొక్కిన స్ఫటికముల కాంతిగుణములను గూర్చి జర్మను శాస్త్రజ్ఞుడు పోకెల్సు 19వ శతాబ్ది చివర ఒక పట్టిక నేర్పరచెను. ఏ తరగతి స్ఫటికమునకు ఎన్ని స్థిరాంకములు కావలెనో దానిలో కలదు. ఘనాకార స్ఫటికముల కన్నింటికి మూడు చాలునని ఆయన వ్రాసెను. సుమారు అర్ధ శతాబ్దము ఆ పట్టికయే ప్రమాణముగా నడచినది. 1942లో భగవంతముగారు గణితములోని సమూహ సిద్ధాంతమును ప్రయోగించి లెక్క తిరుగవేసి, కొన్ని తరగతులకు పోకెల్సు పట్టిక సరిగాదనియు, ఘనాకార స్ఫటికములలోనే రెండు తరగతులకు మూడుగాక నాలుగు స్థిరాంకములు కావలెననియు చూపిరి.

ఈ నాల్గవ సంఖ్యకు అర్థమేమి? ఉప్పుకల్లు నొకదానిని ఒక అంచు వెంబడి నొక్కి, ఆ నొక్కుడుకు అడ్డముగా నున్న రెండు ప్రక్కల నుండి చూచినచో, రెండువైపులను ఒకే ద్వివక్రీభవనము కనబడును. ఆ రెండు తరగతుల స్ఫటికములలో నట్లు గాదు. బయటికి నాలుగు పలకలు సమానముగా తోచినను, ఒక ప్రక్క నుండి చూచిన కొలత రెండవ ప్రక్క కొలతతో ఏకీభవింపనక్కరలేదు. భగవంతముగారును వారి సహచరులును బేరియం నైట్రేటు స్ఫటికమును నొక్కి చూచి ఈ భేదమును ప్రయోగపూర్వకముగా కూడ నిరూపించిరి. కాలువనీటిని తేర్చుటకు మన ఇండ్లలో వాడు పటిక కూడ ఈ తరగతులలో ఒకదానికే చెందినది. పోకెల్సు పట్టికను నమ్మినవారు ఒక ప్రక్క మాత్రమే కొలిచి, రెండవ ప్రక్కయు అంతే యని వ్రాసికొని యుందురు. చూడని దిక్కున ఏమున్నదో ఊహింపరాదని ఈ ఉదంతము తెలుపుచున్నది.

భగవంతముగారు పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగను, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులుగను పనిచేసి, 1966లో స్ఫటిక సౌష్ఠవమునకును భౌతిక గుణములకును గల సంబంధముపై ఒక ప్రామాణిక గ్రంథమును వెలువరించిరి. ఆయన 1989లో దివంగతులైరి. ఆ మార్గమునే ఉస్మానియాలో కొనసాగించిన టి. ఎస్. నరసింహమూర్తిగారి బృహద్గ్రంథము 1981లో వెలువడినది.

ఇంతవరకు చెప్పినవి చేతితో పట్టుకొనదగిన స్ఫటికములు. నేటి పరిశోధన చాలవరకు నానోమీటర్లలో కొలువబడు స్ఫటికములపై సాగుచున్నది. ఒక మిల్లీమీటరులో పదిలక్షవ వంతు నానోమీటరు. తలవెండ్రుక మందము ఎనుబది వేల నానోమీటర్ల ప్రాంతమున నుండును. కంటికి కానవచ్చు కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల వరకు. అనగా ఈ స్ఫటికములు తమ్ము చూచు కాంతి తరంగముకంటె చిన్నవి. కష్టమిక్కడనే ఆరంభమగును.

ఒక లెక్క వేసి చూతము. ఒక మిల్లీమీటరు మందముగల కాల్సైటులో ఒక చీలిక రెండవదానికంటె 172 మైక్రోమీటర్లు వెనుకబడును. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి ఇది మూడువందల తరంగములకు మించిన వెనుకబాటు. అదే కాల్సైటు 100 నానోమీటర్ల పొరయైనచో వెనుకబాటు 17 నానోమీటర్లు, అనగా తరంగములో ముప్పదిరెండవ వంతు. అత్యనుకూలమైన కోణమున నిలిపినను, మొదటి పటలమును దాటిన వెలుగులో రెండవదానిని దాటి వచ్చునది నూటికి ఒక పాలు. 10 నానోమీటర్ల పొరయైనచో పదివేలలో ఒక పాలు. అదియు స్ఫటికము కాంతిపుంజమునంతయు కప్పినప్పటి మాట. మామూలు కటకముతో కాంతిని కుదించినను చుక్క సుమారు 250 నానోమీటర్ల కంటె చిన్నదగుట దుర్లభము. 10 నానోమీటర్ల రేణువు ఆ చుక్కలో ఆరువందలవ వంతు చోటైనను ఆక్రమింపదు. తక్కిన వెలుగంతయు రేణువును తాకకయే పోవును.

ఒక్కటి చాలనిచో కోట్లకొలది రేణువులను నీటిలో కలిపి కొలువరాదా యని అడుగవచ్చును. తివాచీని గోరంత ముక్కలుగా కత్తిరించి సంచిలో పోసి కలియబెట్టినచో ఏమగును? ప్రతి ముక్కలోను పోగుల వాలు ఉండనే యున్నది. కాని కుప్పను ఏ వైపున నిలిచి చూచినను ఒకే రంగు. ద్రవములో తేలుచున్న సూక్ష్మ స్ఫటికముల స్థితి ఇదియే. వాని సగటు తప్పు గాదు, కాని దిక్కును గూర్చి ఏమియు చెప్పదు. సగటును చూచి ఈ పదార్థమునకు విషమదైశికత లేదని తేల్చినవారు ఒక మంచి పదార్థమును చేజార్చుకొందురు.

కావున మార్గములు రెండు. మొదటిది, రేణువులనన్నింటిని ఒకే వైపునకు త్రిప్పుట. ప్లాస్టిక్ పొరలో వానిని పొదిగి పొరను సాగదీసినను, విద్యుత్ క్షేత్రములో నుంచినను పొడవైన రేణువులు చాలవరకు వరుసకు వచ్చును. రెండవది, ఒక్క రేణువును ఒంటరిగా పట్టి పరీక్షించుట. గాజు పలకపై రేణువులను మిక్కిలి పలుచగా చల్లి, ఒకదానిని ఎన్నుకొని, లేజరు కాంతితో దానిని వెలిగింతురు. అది తిరిగి వెదజల్లు వెలుగును ధ్రువణ పటలము గుండ చూచుచు, ఆ పటలమును మెల్లగా త్రిప్పుదురు. తీవ్రత హెచ్చుచు తగ్గుచు నుండినచో ఆ రేణువునకు దిక్కు కలదన్నమాట.

2001లో అమెరికాలో రెండు పరిశోధన బృందములు ఇట్టి ప్రయోగములను ప్రకటించినవి. బర్క్లీలో ఆలివిసాటోసుగారి బృందము కాడ్మియం సెలెనైడు రేణువులను పరీక్షించి, గుండ్రని రేణువుల వెలుగునకు ఒక నియతమైన కంపనదిశ లేదనియు, వెడల్పుకంటె పొడవు సుమారు రెట్టింపు కాగానే వెలుగు కడ్డీ పొడవు వెంబడి కంపించుననియు కనుగొన్నది. హార్వర్డులో లీబరుగారి బృందము ఇండియం ఫాస్ఫైడు తంతువులలో, పొడవు వెంబడి కంపించు వెలుగు అడ్డముగా కంపించు దానికంటె ఎన్నో రెట్లు హెచ్చుగా నుండుట చూచినది.

ఇక్కడ ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఇండియం ఫాస్ఫైడు ఘనాకార స్ఫటికము. ఉప్పుకల్లువలె కాంతికి దానిలో దిక్కుల భేదము లేదు. మరి తంతువులో అంత భేదము ఎట్లు వచ్చినది? ఆ దిక్కు స్ఫటికము లోపలిది గాదు, తంతువు ఆకారమునుండి వచ్చినది. సన్నని తంతువుకు అడ్డముగా కంపించు కాంతి లోపలికి పోలేక బలహీనపడును. పొడవు వెంబడి కంపించునది సులభముగా ప్రవేశించును. కావున కొలతలో దిక్కు కనబడినంతనే అది స్ఫటిక గుణమని తేల్చుట తొందరపాటగును. ఈ రెంటిని వేరుచేయుటకు ఒక పాత ఉపాయము కలదు. రేణువును దాని వక్రీభవన గుణకమునకు దగ్గరి గుణకముగల ద్రవములో ముంచినచో, కాంతికి ఆకారపు అంచు తెలియకుండును. ఆకారము వలన వచ్చిన భేదము అణగిపోవును, లోపలి అమరిక వలన వచ్చినది మిగులును. అంత హెచ్చు గుణకముగల ద్రవము దొరకనప్పుడు, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో అదే రేణువులోని పరమాణువుల వరుసను ప్రత్యేకముగా చూచి, కాంతి కొలతతో సరిపోల్చుదురు.

మరియొక సాధనము 1928 ఫిబ్రవరి 28న కనుగొనబడిన రామన్ ఫలితము. స్ఫటికముపై పడి చెదరిన కాంతిలో కొంత భాగము రంగు మారి వచ్చును. ఆ మార్పు పరమాణువుల కంపనములను తెలుపును. ఒక్కొక్క కంపనము ఏ దిక్కు కాంతికి ఎంతగా స్పందించునో సౌష్ఠవము నిర్ణయించును. నల్ల భాస్వరము నుండి తీసిన పలుచని పొరలు దీనికి మంచి ఉదాహరణము. 2014 నుండి ఇవి విశేషముగా పరిశీలింపబడినవి. ఒక్కొక్క పొర మందము సుమారు అర నానోమీటరు. దానిలో పరమాణువులు దుక్కి దున్నిన చాళ్లవలె మడతలుగా నుండును. చాలు వెంబడి కంపించు కాంతికిని, చాలునకు అడ్డముగా కంపించు కాంతికిని రామన్ రేఖల తీవ్రత వేరువేరుగా నుండును. పొరను త్రిప్పుచు తీవ్రతను గుర్తించినచో అక్షములు తెలియును. కాని పొర మందమును, లేజరు రంగును మార్చినచో ఏ అక్షమున తీవ్రత హెచ్చగునో తారుమారు కావచ్చునని తరువాతి పరిశోధనలు హెచ్చరించినవి. కావున ఒకే రంగుతో కొలిచి ఇది చాలు, ఇది అడ్డము అని నిర్ణయించుట క్షేమము గాదు.

ఇంకొక చిక్కు కలదు. పలుచని రేకు గాజుపై పరుండియున్నప్పుడు కాంతిని నిట్టనిలువుగా పంపినచో, ఆ కాంతి రేకు తలములోనే కంపించును. రేకు మందము దిక్కున కంపింపదు. ఆ దిక్కు గుణమును మన మసలు ప్రశ్నింపనే లేదన్నమాట. దీనికై కాంతిని ఏటవాలుగా పంపి, ప్రతిఫలించిన వెలుగులో ధ్రువణము ఎట్లు మారినదో కొలుతురు. లేదా కొన్ని పదుల నానోమీటర్ల మొనగల సూదిని రేకునకు ఆనించినంత దగ్గరగా తెచ్చి, దాని కొన వద్ద కాంతిని కేంద్రీకరింతురు. అప్పుడు కాంతి రేకు లోపలనే ప్రక్కకు ప్రయాణము చేయును. ఆ అలల ఎడమును బట్టి రెండు దిక్కుల గుణకములును తెలియును. చుక్క పరిమాణము ఇప్పుడు తరంగదైర్ఘ్యముపై గాక సూదిమొనపై ఆధారపడును. 2021లో రష్యా పరిశోధకులు సహచరులతో కూడి ఇట్టి పద్ధతులతో మాలిబ్డినం డైసల్ఫైడును కొలిచి, సమీప పరారుణ కాంతిలో గుణకముల భేదము సుమారు 1.5 అని ప్రకటించిరి. కాల్సైటు భేదము 0.172 మాత్రమే యని చెప్పియుంటిమి. యంత్రములలో కందెనగా వాడుచు వచ్చిన ఈ నల్లని పొడి అంతటి విషమదైశికత కలదని, నిలువు కాంతితో మాత్రమే కొలిచినవారికి తెలియుట సాధ్యము గాదు.

దీని ప్రయోజనము ప్రయోగశాలలోనే నిలిచిపోవునది గాదు. గాజు తంతువులలో వార్తలను మోయు కాంతిని త్రిప్పుటకును, మళ్లించుటకును, విభజించుటకును దిక్కు తెలిసిన స్ఫటికములు కావలెను. భేదము పెద్దదైన కొలది పరికరమును చిన్నదిగా చేయవచ్చును. అయితే దిక్కు తప్పుగా గుర్తించిన స్ఫటికముతో కట్టిన పరికరము పని చేయదు. కావున కొత్త పదార్థమును గూర్చి వార్త వచ్చినప్పుడు సంఖ్యతో పాటు మూడు విషయములు తెలిసికొనదగినవి: కాంతి ఏ దిక్కున కంపించినది, కొలిచినది ఒక్క రేణువునా కుప్పనా, కనబడిన భేదము ఆకారము వలన వచ్చినదా లోపలి అమరిక వలన వచ్చినదా.

ఈ విద్యకు మొదటి మెట్టు మన పాఠశాలలలోనే ఎక్కవచ్చును. వేడినీటిలో పటికను కరగించి, చల్లారనిచ్చి, దారమునకు చిన్న పలుకును కట్టి వ్రేలాడదీసినచో కొన్ని దినములలో స్వచ్ఛమైన స్ఫటికము పెరుగును. రెండు ధ్రువణ పటలములను అడ్డముగా నిలిపి దానిని నడుమ నుంచినచో చీకటిగనే యుండును. రెండు చెక్కల నడుమ మెల్లగా నొక్కినచో స్ఫటికములో వెలుగు పుట్టును, వదలినచో ఆరిపోవును. ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును చేయించునప్పుడు, ఆగిరిపల్లిలో పుట్టిన ఒకరు ఈ తరగతి స్ఫటికముల లెక్కనే 1942లో సరిదిద్దిరని కూడ పిల్లలకు చెప్పుదురుగాక.